ఠండా ఇంజన్

ఇంజన్ ముందు నిలబడి మా అబ్బా చెయ్యి జేబులో పెట్టుకోవడం నేను మొదటిసారి చూసింది 2025 మార్చిలో. రంజాన్ రెండో అష్రా నడుస్తోంది. నలభై ఏళ్ళకు పైగా పానా పట్టిన చెయ్యి అది. ఇప్పుడు వణుకుతుంది. చాయ్ సాసర్‌ని రెండు చేతులతో పట్టుకుంటాడు. మనుషుల ముందు వణికినా పట్టించుకోడు గానీ బానెట్ ఎత్తి ఉన్న కారు ముందు మాత్రం ఎందుకో దాచుకున్నాడు.

కారు నాదే. పదమూడేళ్ళ పెట్రోల్ కారు. నా చేతికి వచ్చేసరికే ఇద్దరు మాలిక్‌లు మారారు. దాన్ని అమ్మాలి. బేటీ కాలేజీ ఫీజు బకాయి ఉంది, పరీక్షల ముందే కట్టాలి. జిల్లాలో పనిచేసే విలేకరి తన్ఖా ఎంతో మీకు తెలియంది కాదు. అందరి బకాయిల గురించి రాస్తాం, మా బకాయిల గురించి రాసుకోం.

బేరానికి వచ్చిన పిల్లగాడు దుబాయ్ నుంచి వాపస్ వచ్చినవాడు. ఆర్మూర్ అవతల పల్లె. వాళ్ళ నాయన పసుపు రైతు. అక్కడ కూడబెట్టిన దాంట్లో ఇంటి అప్పు తీర్చగా మిగిలింది కారుకు పెడుతున్నాడు. ఒకసారి వచ్చి రంగు చూసి, సీట్లు చూసి, డిక్కీ చూసి పోయాడు. ఆదివారం పొద్దున పది గంటలకు పైసలు తెచ్చి నడిపి చూసి తీసుకుపోతానన్నాడు.

చిక్కల్లా ఒక్కటే. కారు పొగ కొడుతోంది. బండి స్లోలో నిలబడితే ఊగుతోంది. నిజామాబాద్‌లో ఓ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ఇంజన్‌లో కార్బన్ పేరుకుందనీ, మెషీన్ పెట్టి డీకార్బనైజ్ చేయాలనీ అన్నారు. ఐదు వేల పైచిలుకు. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఓ కార్బ్ క్లీనర్ డబ్బా, రెండు పాత బనియన్లు, ఓ ప్లగ్ పానా ఉంటే ఇంట్లోనే అయిపోతుందని తేలింది. పైగా ఇంట్లోనే మేస్త్రీ ఉన్నాడు. శనివారం జొహర్ నమాజ్ అయ్యాక వేపచెట్టు కింద కారు పెట్టి బానెట్ ఎత్తాను.

"పైలే ఠండా హోనే దే" అన్నాడు అబ్బా. ముందు చల్లారనీ.

చల్లారే దాకా కూర్చున్నాం. రోజాలో ఉన్నవాడికి ఖాళీగా కూర్చోవడం కంటే కష్టం ఇంకోటి లేదు, చాయ్ కూడా లేదాయె. పక్క కళ్ళంలో పసుపు ఉడుకుతోంది. మార్చిలో మా జక్రాన్‌పల్లి ఏ గల్లీలోకి పోయినా అదే వాసన, మట్టీ ఆవిరీ కలిసిన వాసన. రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. ఆ రోడ్డుకు ఇప్పుడు 44 నంబర్ పెట్టారు గానీ అబ్బాకు అది ఎప్పటికీ 7 నంబర్ రోడ్డే. దాని పక్కన రేకుల షెడ్డులో ఆయన ఉమర్ గడిచింది. నాలుగు లైన్లు పడ్డాక బండ్లు ఆగడం తగ్గింది, షెడ్డు పోయింది. పానాల పెట్టె మాత్రం ఇంటికొచ్చింది.

కార్బన్ అనేది అబ్బా దగ్గర నేను చిన్నప్పుడే చూసిన చీజ్. ఆయన కార్బన్ అనడు, కాలిఖ్ అంటాడు. పొయ్యి మీద గిన్నె అడుగు నల్లబడినట్టే ఇంజన్ లోపలా నల్లబడుతుంది. పెట్రోల్ పూర్తిగా కాలకపోతే మసి, ఆయిల్ కాలితే జిడ్డు మసి. ఆ జమానాలో అంబాసిడర్‌కు డీకార్బన్ అంటే పెద్ద పని. పెట్రోల్‌లో సీసం కలిపే రోజులవి. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నది 2000 ఫిబ్రవరిలో గదా వచ్చింది. ఆయిల్స్ కూడా ఇప్పటంత మంచివి కావు. కొన్నాళ్ళు తిరిగిందంటే బండి గుట్ట ఎక్కనని మొండికేసేది, ఇంజన్‌లోంచి టకటక చప్పుడొచ్చేది, చాబీ తీసినా రెండు క్షణాలు తనకు తానే కొట్టుకునేది. లోపల ఎర్రగా కాలిన కార్బన్ ముక్కే నిప్పురవ్వలా పనిచేస్తుంది మరి.

అప్పుడు హెడ్డు లేపేవాడు. వాల్వులు ఒక్కొక్కటే తీసి, ఏది ఎక్కడిదో మారిపోకుండా అట్టముక్కకు బెజ్జాలు పొడిచి వరుసగా గుచ్చేవాడు. కిరసనాయిల్ ట్రేలో కడగడం నా డ్యూటీ. వాల్వు మీద రబ్బరు చిప్ప ఉన్న కట్టె అంటించి, గ్రైండింగ్ పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య చల్లకవ్వం తిప్పినట్టు తిప్పేవాడు. బిగించాక హెడ్డును బోర్లించి గుంటల్లో కిరసనాయిల్ పోసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసిన పనికి ఇమ్తెహాన్ అది. కింద చుక్క పడిందా, ఆ వాల్వు మళ్ళీ మొదటికి.

పిస్టన్ నెత్తి మీది కార్బన్ గీకేటప్పుడు మాత్రం అంచు చుట్టూ ఉంగరమంత వదిలేసేవాడు. ఇనుముతో కాదు, వెదురు బద్దతో గీకేవాడు. అల్యూమినియానికి గీతలు పడొద్దని. "అదెందుకు వదిలినవ్, అదీ తీసెయ్ గదా" అని అడిగా ఓసారి. అప్పుడు నేను ఉర్దూ మీడియం ఆరో జమాతో ఏడో జమాతో. "పాత ఇంజన్ బేటా, రింగులు అరిగినయ్. ఆ కాలిఖే దానికి పర్దా. అది తీస్తే ఆయిల్ పైకెక్కుతది" అన్నాడు. పాత మేస్త్రీలందరూ చేసేదే అది. వాడకంలో అరిగిన ఇంజన్‌కు అంచున ఉన్న కార్బన్ ఆయిల్‌ని కొంత ఆపుతుంది. అంతా మెరిసేట్టు గీకిన మరుసటి వారమే ఆయిల్ తాగడం మొదలెట్టిన బండ్లు ఉన్నాయట.

స్కూటర్లకైతే ఇంకో తమాషా. టూ స్ట్రోక్ బండి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకొని తాగుతుంది కదా, సైలెన్సర్ లోపల గోడలకు తారులా పట్టేది. దాన్ని విప్పి కిరసనాయిల్ పోసి మంటపెట్టేవాళ్ళు. షెడ్డు వెనక నల్లని పొగ లేస్తే అమ్మీ ఆరేసిన బట్టలన్నీ గబగబా లోపలికి తెచ్చుకునేది.

రేషన్ నీలం కిరసనాయిల్ పెట్రోల్‌లో, డీజిల్‌లో కలిపి అమ్మిన రోజులు కూడా ఆయన చూశాడు. ప్లగ్గు వాసన చూసి చెప్పేవాడు ఏ బండి ఏ బాపతు పెట్రోల్ తాగిందో. 2005 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖీరీలో, కల్తీ పట్టుకున్నందుకు ఇండియన్ ఆయిల్ ఆఫీసర్ మంజునాథ్ షణ్ముగం అనే ఇరవై ఏడేళ్ళ కుర్రాణ్ణి కాల్చి చంపారు. నేను ఈ వృత్తిలో కొత్త అప్పుడు. ఆ వార్త ఇంట్లో చదివి వినిపిస్తే అబ్బా ఆ పూట షెడ్డు తెరవలేదు.

ఇంజన్ చల్లారింది. బ్యాటరీ వైరు తీసి మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అంటే అబ్బా చెప్తుంటే నేను చేశాను.

ముందు ఎయిర్ ఫిల్టర్. డబ్బా మూత తీస్తే ఇద్దరం నవ్వుకున్నాం. ఫిల్టర్ నల్లగా లేదు, పచ్చగా ఉంది! నేను రోజూ బండి ఆపే చోట పక్కనే పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంది. ఎండిన కొమ్ముల పైపొట్టు రాలి దుమ్మంతా కారు లోపలికే చేరింది. "దాల్ మే డాల్‌నే కూ హోతా" అన్నాడు అబ్బా. పప్పులో వేసుకోవచ్చట. కొత్త ఫిల్టర్ వేశాం.

తర్వాత థ్రాటిల్ బాడీ. పెద్ద గొట్టం క్లాంపు విప్పితే లోపల గుండ్రటి రేకు. దాని అంచు చుట్టూ నల్లటి జిడ్డు కట్టింది. స్లోలో ఇంజన్‌కు గాలి పోయేదే ఆ అంచు సందులోంచి. అక్కడ జిడ్డు పడితే ఊగక ఏం చేస్తుంది! క్లీనర్ నేరుగా లోపలికి కొట్టబోతే అబ్బా ఆపాడు. గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవాలి. నాది తీగతో నడిచే థ్రాటిల్ కాబట్టి రేకును వేలితో నెట్టినా ఫరవాలేదు. ఇప్పటి బండ్లలో రేకును మోటారు తిప్పుతుంది, దాన్ని బలవంతంగా నెడితే లోపలి పళ్ళు విరుగుతాయి. గొట్టంలో ఉన్న సెన్సార్ల జోలికి ఆ స్ప్రే పోనే పోవద్దు. అది చాలా తొందరగా అంటుకునే మాల్. బీడీ, అగరుబత్తి, చిన్నపిల్లలు, ఏదీ దగ్గర ఉండొద్దు. మూసిన గ్యారేజీలో చేయొద్దు. ఆ గ్యాసు పీలిస్తే రోజా సంగతి అటుంచండి, తల తిరిగి పడతారు.

పావుగంటలో బనియన్లు రెండూ నల్లబడ్డాయి, థ్రాటిల్ వెండిలా మెరిసింది. వీడియోల్లో చూపించేది ఇక్కడి దాకా నిజమే, ఎవరైనా చేసుకోవచ్చు. నాకు హుషారొచ్చింది. ఇక ప్లగ్గులు తీసి, ఆ బొక్కల్లోంచి పిస్టన్ల మీద క్లీనర్ పోసి రాత్రంతా నానబెడదామన్నా.

"నక్కో."

"ఎందుకు? అందరూ చేస్తున్నరు గదా అబ్బా."

నీళ్ళలాంటి చీజ్‌ని ఎంత ఒత్తినా కుదించలేం. గాలిని కుదించినట్టు కుదించబోతే పిస్టన్ కింది కడ్డీ వంగుతుంది. పోసినవాడు ప్లగ్గులు బిగించకముందే ఇంజన్ తిప్పి మొత్తం బయటికి కక్కించాలి. ఎంతో కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది గనక ఆయిల్ మార్చాలి. ఊడిన కార్బన్ పెచ్చు వాల్వు కింద ఇరుక్కుంటే ఉన్న కంప్రెషన్ కూడా పోతుంది. ఇవన్నీ చెప్పి, "కాలిఖ్ ఎందుకొచ్చిందో తెలవకముందే కడుగుతవా?" అన్నాడు. హెడ్డు విప్పకుండా ఇంజన్ కొత్తదైపోతుందనే మెషీన్ల మీద ఆయనకు ఎట్లాగూ యకీన్ లేదు. ఇప్పటి డైరెక్ట్ ఇంజక్షన్ బండ్లలో పెట్రోల్ వాల్వు వెనక పడదు, నేరుగా లోపలికే కొడుతుంది, అందుకే వాల్వులు కడగక మసి పడతాయనీ, ఆ మసిని అఖ్రోట్ చిప్పల పొడి గాలితో కొట్టి రాలుస్తారనీ నేను చెప్తే మాత్రం చాలాసేపు నవ్వాడు. మనం ఈద్‌కు షీర్ ఖుర్మాలో వేసుకోవడానికే అఖ్రోట్ దొరకట్లేదు.

ప్లగ్గులు నాలుగూ తీయించాడు. తీసేముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదించాడు, లోపల పడకుండా. నేలమీద పేపర్ పరిచి వరుసగా పెట్టాను, ఒకటో నంబర్ నుంచి నాలుగో నంబర్ దాకా. పేపర్ మాదే, పైన నా బైలైన్ ఉంది.

అబ్బా గొంతు కూర్చున్నాడు. హకీమ్ నబ్జ్ చూసినట్టు ఒక్కోదాన్నీ చూశాడు. ఒకటి, రెండు, నాలుగు నంబర్లు బాదామీ రంగులో ఉన్నాయి, అంచుల్లో కొంచెం పొడి మసి. ఎక్కడికైనా కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ మాత్రం మసి ఉంటుంది. ఇంటి నుంచి మండలాఫీసు, అక్కణ్ణుంచి మస్జిద్, మస్జిద్ నుంచి బజార్. ఇంజన్ వేడెక్కకముందే ఆపేస్తే లోపల పెట్రోల్ సరిగా కాలదు. వారానికోసారి మూడో గేర్‌లో, నాలుగో గేర్‌లో ఇంజన్‌ని కాస్త పరిగెత్తిస్తూ నిర్మల్ రోడ్డు మీద ఓ అరగంట తీసుకెళ్తే ఆ పొడి మసి చాలావరకు దానంతటదే కాలిపోతుందన్నాడు. పైసా ఖర్చు లేని డీకార్బన్ అదే.

మూడో నంబర్ ప్లగ్గు తడిగా ఉంది. నల్లగా, జిడ్డుగా. బొటనవేలితో రుద్ది వాసన చూశాడు. పెట్రోల్ వాసన కాదు. ఆయిల్.

పైనుండే పీసీవీ వాల్వు పీకించి చెవి దగ్గర ఊపాడు. చిన్న ప్లాస్టిక్ ముక్క అది, ఇంజన్‌లోని ఆయిల్ ఆవిరిని మళ్ళీ లోపలికి పంపేది. పట్టేస్తే ఆయిల్ లాగుతుంది, మార్చడానికి ఖర్చు ఎంతో కాదు. అది టక్ టక్‌మని మంచిగానే ఆడింది. అబ్బా ముఖం చూస్తే అదే చెడిపోయి ఉంటే బాగుండు అనుకున్నట్టు అనిపించింది.

"సెహ్రీ అయినంక బండి తీస్తవు గదా. మొదటి పొగ ఏ రంగు?"

నేను జవాబు చెప్పలేదు. ప్లగ్ పానా తుడుస్తూ కూర్చున్నా.

"సచ్ బోల్."

"నీలం" అన్నా. "నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత పోతది."

నాకు తెలుసు. రెండు నెలల నుంచి తెలుసు. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు, నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నట్టు అని మేస్త్రీ కొడుకుని నాకు తెలియదా! రాత్రంతా నిలబడ్డ బండిలో అరిగిన వాల్వ్ సీల్ గుండా ఆయిల్ చుక్క చుక్కగా లోపలికి దిగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే అది కాలి నీలంగా వస్తుంది. కాలిపోయాక సాఫ్. అదే రింగులు పోతే ఎక్సిలేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంది. అందుకే ఆ పిల్లగాణ్ణి పది గంటలకు రమ్మన్నాను. తొమ్మిదిన్నరకు బండి తీసి అటు బస్టాండ్ దాకా తిప్పి తెచ్చి పెడితే, వాడు వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది, పొగ ఉండదు. ప్లగ్గులు తుడిచేస్తే, థ్రాటిల్ కడిగేస్తే ఊగుడూ ఉండదు. ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా ఇంత సాఫ్‌గా చెప్పుకోలేదు. ఇల్లు శుభ్రం చేసి చుట్టాన్ని పిలిచినట్టు అనుకున్నానంతే.

అబ్బా ఏమీ అనలేదు. తడిసిన ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి చూసిన హదీస్ మనం ఎన్ని జుమ్మాల్లో వినలేదు, ఆ మాట ఎత్తుతాడేమో అనుకున్నా. ఎత్తలేదు. పాలిష్ డ్రమ్ము వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాడు. అసర్ అజాన్ అయింది. లేస్తూ, "ఆ పిల్లగాని నంబర్ లగా" అన్నాడు.

చేతిలో ఫోన్ వణుకుతుంటే నేనే పట్టుకున్నాను, స్పీకర్ పెట్టి. "బేటా, నేను కారాయన అబ్బాని. పది గంటలకు కాదు, పొద్దుగాల ఆరు గంటలకు రా. ఇంజన్ ఠండా ఉన్నప్పుడు చూడాలె. ఎవడు బండి అమ్మినా నువ్వు పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగుంటే వాపస్ రా." అవతలివాడు సరే తాతా అన్నాడు. వాడికి ఏమర్థమైందో తెలీదు.

ఆ సాయంత్రం ఇఫ్తార్‌లో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కోపం అబ్బా మీద అనుకున్నా. ఫీజు ఎవరు కడతారు అని గొంతు దాకా వచ్చింది. ఈయన ఉమర్ అంతా ఇంతే. "నీ బండికి ఏం కాలేదు, ప్లగ్గు తుడుచుకొని పో" అని గిరాకీని పంపించేవాడు. పక్క షెడ్డువాడు అదే బండికి హెడ్డు లేపి ఇల్లు కట్టుకున్నాడు. అమ్మీ ఎన్నిసార్లు లొల్లి పెట్టిందో!

ఆదివారం ఫజర్ చదువుకొని వచ్చేసరికి పిల్లగాడు వాళ్ళ నాయనతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అబ్బా వాడి చెయ్యి పట్టుకొని బానెట్ మీద పెట్టించాడు. మంచుకు తడిసినంత చల్లగా ఉంది. సైలెన్సర్ వెనక నిలబెట్టాడు. నేను చాబీ తిప్పా. నీలం పొగ ఒక్కసారి గుప్పున వచ్చి, పల్చబడి, పోయింది. రైతు ముక్కు మూసుకున్నాడు.

అబ్బా మొత్తం చెప్పాడు. మూడో నంబర్ సీల్ అనుకుంటున్నా, రింగులు కాదనుకుంటున్నా, కంప్రెషన్ చూపించుకో, మా దగ్గర పని నేర్చినవాడు ఆర్మూర్‌లో ఉన్నాడు, వాడు నిన్ను మోసం చెయ్యడు, ఖర్చు ఇంత అవుతది అని. నా చేతులు మంచిగుంటే నేనే చేసిద్దును అన్నాడు. అప్పుడు తీశాడు చేతులు జేబులోంచి, చూపించడానికి.

తండ్రీ కొడుకులు అటు పోయి మాట్లాడుకొని వచ్చారు. అనుకున్న ధరలో పన్నెండు వేలు తగ్గించమన్నారు. నేను ఎనిమిది అన్నా. "బారా దే దే" అన్నాడు అబ్బా. ఇచ్చేశా.

ఆ పన్నెండు వేల కోసం, నాలుగు నెలలు ఆగితే మంచి ధరకు వచ్చే చిట్టీని పాటలో నష్టానికి ఎత్తుకున్నా. ఫీజు కట్టాం. ఈద్ కొత్త బట్టలు పిల్లలకే తీసుకున్నాం. ఇవన్నీ పెద్ద ఖుర్బానీలేం కావు. కానీ చాలా రోజులు ఆ లెక్క నాకు లోపల గుచ్చుకుంది, అబద్ధం ఎందుకు. ఇప్పుడు కూడా ఆయన ఆ ఫోన్ చేయించకపోతే నేను పదింటికే రమ్మనేవాణ్ణని నాకు తెలుసు.

వారం తర్వాత పిల్లగాడు ఫోన్ చేశాడు. స్లోలో ఇంజన్ రేసు ఎక్కువుంది తాతా, ఏమైనా ఖరాబ్ అయిందా అని. థ్రాటిల్ కడిగాక లోపలి కంప్యూటర్ పాత జిడ్డు లెక్కలోనే గాలి పంపుతుంది, కొన్ని రోజులు నడిస్తే అదే సర్దుకుంటుంది అని అబ్బా చెప్పాడు. సీల్స్ వేయించావా అని అడిగాడు. వేయించాడట. పాత సీల్ రాయిలా గట్టిపడి ఉందట, రింగులు బాగున్నాయట. అబ్బా ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు.

"మూడో నంబర్ ప్లగ్గు ఎక్కడ పెట్టినవ్?"

పానాల పెట్టెలో ఉంది, నా బైలైన్ ఉన్న పేపర్‌లోనే చుట్టి. తీసిచ్చా. ఆర్మూర్ షాగిర్ద్‌కి పంపించమన్నాడు, వాడి దగ్గర కొత్తగా చేరిన పోరడికి చూపించడానికట.